చార్జరు తమ్ముడి వాటా

ఇరవై ఏళ్లు ఒకే షెడ్డులో తలుపులు, కిటికీలు చేసిన అన్నదమ్ములు విడిపోయిన రోజు, పెద్ద మేస్త్రీ పట్టుబట్టి పనిముట్లన్నీ సరిసగం పంచాడు. వైరు లేని డ్రిల్లు, రెండు బ్యాటరీలు తను తీసుకున్నాడు. అవే బ్యాటరీలతో నడిచే రంపం మిషను, చార్జరు తమ్ముడి ముందుకు నెట్టాడు. బ్యాటరీల్లేకుండా ఏం కోస్తాడో చూద్దామని అతని కడుపుమంట. చార్జరుదేముంది, ఏ కొట్లోనైనా దొరుకుతుందనుకున్నాడు.

మూడో రోజుకల్లా డ్రిల్లు మూలిగి ఆగిపోయింది.

"పద్దెనిమిది వోల్టులది ఏదో ఒక చార్జరు ఇవ్వవయ్యా!" అని పనిముట్ల కొట్టువాడి మీద విసుక్కున్నాడు.

"వోల్టులు కలిస్తే చాలదు మేస్త్రీ. ఏ కంపెనీ బ్యాటరీకి ఆ కంపెనీ చార్జరే ఉండాలి. మీ మోడలేమో తయారీ ఆపేశారు."

ఇక చేసేది లేక పెద్ద మేస్త్రీ కొత్త సెట్లు చూశాడు. ఆకుపచ్చ డ్రిల్లు చేతిలో చక్కగా ఇమిడింది. బ్యాటరీ తీసి, పెట్టి, మళ్లీ తీసి చూసి మురిసిపోయాడు.

"పొద్దున ఒకాయన మీ మోడల్ చార్జరే పట్టుకొచ్చి బ్యాటరీలు అడిగాడు. అచ్చం మీ పోలికే," అన్నాడు కొట్టువాడు. "లేవన్నానని ఈ ఆకుపచ్చ కంపెనీ రంపమే కొనుక్కెళ్లాడు. మీకూ ఇదే కట్టమంటారా?"

పెద్ద మేస్త్రీ డ్రిల్లు బల్ల మీద పెట్టేశాడు.

"ఇది తప్ప ఇంకేదైనా ఇవ్వు."