‘ఏం కూర’ రమాకాంత్ బావ

మా రమాకాంత్ బావకు ఒకే ఒక్క జబ్బు. ఎదురైన మనిషినల్లా “ఏం కూర?” అని అడుగుతాడు.

మా వరంగల్‌లో ఆ మాట అందరూ అంటారు, కాదనను. కానీ మిగతావాళ్లు పలకరింపుగా అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే ముందుకు నడుస్తారు. బావ నిలబడి వింటాడు. “బెండకాయ” అంటే “పులుసా, వేపుడా?” అంటాడు. “వేపుడు” అంటే “మీ అమ్మకు నోట్ల పండ్లు లేవు గదా, ఆమె ఏం తిన్నది మరి?” అంటాడు. అవతలివాడు బస్సు కోసం పరుగెత్తుతున్నా సరే, ఆ ఇంట్లో అందరి కంచాల్లోకీ ఒకసారి తొంగిచూస్తే గాని వదలడు.

నేను ఆయన బామ్మర్దిని. రమ, రమాకాంత్ అని పేర్లు కలిశాయని ముచ్చటపడి మా నాన్న మా అక్కను ఆయనకిచ్చాడు. పేర్లు కలిస్తే చాలనుకునే కాలం అది. చౌరస్తా దగ్గర బావకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. నేనూ అందులోనే పని చేస్తాను, వాళ్లింట్లోనే ఉంటాను. గిన్నె కొనడానికి వచ్చినవాళ్లను ఎవరైనా “ఎంత సైజు?” అని అడుగుతారు. ఈయన “ఏం కూర?” అని మొదలుపెట్టి, తినేవాళ్లెందరో, మిగిలితే ఎవరు తింటారో కనుక్కుని, సైజు తనే తేలుస్తాడు. ఒక గిన్నెకు ముప్పావు గంట పడుతుంది.

ఒకసారి హెల్మెట్ లేదని ట్రాఫిక్ పోలీసు ఆపాడు. చలాను రాస్తున్నవాణ్ని పట్టుకుని “సార్, ఏం కూర తెచ్చుకున్నరు?” అన్నాడు బావ. ఆయన రాయడం ఆపి, “పొద్దుగాల సంది గీ ఎండల్నే ఉన్న, ఇంక తినుడెక్కడిది” అన్నాడు. బావ చలాను కట్టేసి, తన టిఫిన్ డబ్బా ఆయన చేతిలో పెట్టి వచ్చాడు. దుకాణానికి వచ్చాక ఆకలేస్తోందని నా డబ్బా తినేశాడు. ఆయన మంచితనం ఎప్పుడూ నా డబ్బా మీదుగానే పోతుంది.

ఇంకోసారి ఎవరో అమ్మాయి లోన్ కావాలా అంటూ ఫోన్ చేసింది. ఈయన యథాప్రకారం ప్రశ్న వేశాడు. ఆ అమ్మాయి హాస్టల్ చారు గురించి ఇరవై నిమిషాలు చెప్పుకుంది. ఆఖరికి లోన్ సంగతి ఇద్దరూ మరిచిపోయారు. పళ్ల డాక్టరు దగ్గరైతే నోట్లో దూది, నాలుక మీద యంత్రం ఉండగా అడిగాడు. డాక్టరు అది నొప్పి అనుకుని ఇంకో ఇంజెక్షన్ పొడిచాడు.

ఇంతవరకూ నవ్వుకునే సంగతులే. కూతురు హారిక పెళ్లిలో మాత్రం ఆ రెండు మాటలు కొంప ముంచాయి.

పెళ్లి భోజనాల్లో వియ్యపురాలు సావిత్రమ్మగారి విస్తట్లో బావ తన చేత్తో రెండు గుత్తివంకాయలు వడ్డించాడు. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైన కాయ ఒకటి అక్కడ వదిలేసి వస్తారు కదా, ఆమె వంకాయను వదిలేసిందని మాలో ఎవరికీ తెలియదు. వంకాయ గుజ్జు విస్తరంతా పారింది. ఆమె ఒక్క ముద్దైనా తినకుండా లేచి చేయి కడుక్కుంది. అక్కడితో ఆగినా సర్దుకునేది. ఆమె కారెక్కబోతుంటే బావ పరుగున వెళ్లి, రెండువైపుల చుట్టాలందరి ముందూ, “చెల్లెమ్మా, ఏం కూర తిన్నరు?” అని అడిగాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. సావిత్రమ్మగారు కారు తలుపు వేసుకుంది. తర్వాత ఏడాదిన్నర పాటు వాళ్ల కరీంనగర్ నుంచి వచ్చి మా గడప తొక్కలేదు.

అలా ఉండగా హారికకు ఆరో నెల వచ్చింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని బావ ఆరాటం. అప్పుడే మట్టెవాడలో ఇంటి ముందుగదికి రంగులు వేయించాడు, కిటికీలకు దోమల జాలీలు కొట్టించాడు. కానీ పంపవలసింది అత్తగారు. అక్క ఫోన్ చేసి ఎప్పుడడిగినా ఆమె “ఇక్కడ గూడ మంచి దవాఖానలున్నయి గదా వదినె, చూద్దం” అంటుంది. ఆ ‘చూద్దం’ విన్నరోజు బావ ముందుగదిలో ఒక్కడే కూర్చుని కొత్త రంగుల వాసన పీల్చుకునేవాడు.

అలాంటిది హారిక ఎలా ఒప్పించిందో గానీ, ఆదివారం అందరూ పాలంపేట వెళ్లి రామప్ప గుడి చూసుకుని, తిరిగి వెళ్తూ సాయంత్రం మా ఇంట్లో భోంచేసేలా ఏర్పాటు చేసింది. చేసి, తండ్రికి ఫోన్ చేసింది.

“డాడీ, గిదొక్కటే చాన్సు. అత్తమ్మ ముంగట ఆ మాట అడగొద్దు.”

“ఏ మాట బిడ్డా?”

“నీకు తెల్సు. నా మీద ఒట్టు పెట్టు.”

బావ ఒట్టు పెట్టాడు. ఆ పూటంతా గొంతులో ముల్లు దిగినవాడిలా తిరిగాడు. ఏదో ఒకటి అడగకుండా మనిషి ఎలా ఉంటాడని నాతో వాదించి, చివరికి “ప్రయాణం ఎట్లైంది?” అనే వాక్యం ఎంచుకుని బడిపిల్లాడిలా బట్టీ పట్టాడు.

ఇక వంట. అక్క పదహారు రకాలు అనుకుంది. ఈలోగా హారిక వాట్సాప్‌లో ఒక పట్టీ పంపింది. వియ్యంకుడు భానుచందర్‌గారికి షుగరు, బీపీ: అన్నం, ఆలుగడ్డ, తీపి వద్దు, ఉప్పు తక్కువ. ఛాతీలో మంట కాబట్టి టమాటా, చింతపండు కూడా వద్దు. అల్లుడు నిఖిల్‌కు గోధుమ పడదు. అత్తమ్మ ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ముట్టదు, వంకాయ సంగతి మీకు తెలిసిందే.

అక్క పెన్ను పట్టుకుని తన పదహారింటినీ ఒక్కొక్కటే కొట్టేయసాగింది. పులిహోర పోయింది. పూరీలు పోయాయి. ఆలుగడ్డ వేపుడు, టమాటా పప్పు, చారు, తీపి పోలెలు, అన్నీ పోయాయి.

“ఏం మిగిలిందే అక్కా?” అన్నాను.

“మంచినీళ్లు. అవి గూడ కాచి చల్లార్చినయి పెట్టమని రాసింది” అని అక్క పెన్ను విసిరేసింది.

అప్పుడు బావ తాపీగా అన్నాడు. “సర్వపిండి చేద్దం.”

అక్క ఆయన వైపు చూసిన చూపు నేను రాయలేను. “వియ్యాలవారిని పిలిచి సర్వపిండా? సర్వ గిన్నెకు పిండి అద్ది, సాయంత్రం పూట పిల్లలకు కాల్చి పెట్టేది. ఉన్న ఇజ్జత్ గూడ పోతది.”

“బియ్యప్పిండి కాదు, జొన్నపిండితోని. సోరకాయ తురుమేద్దం. నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కల్యమాకు. ఉప్పూ కారం జర తక్కువ. ఉల్లి లేదు, ఎల్లి లేదు, గోధుమ లేదు. పక్కకు కట్టు పెసరపప్పు, కీరదోస పెరుగుపచ్చడి. ఆఖర్న జామకాయ ముక్కలు. ఎవలకు ఏది పడదో చెప్పు.”

అక్క పట్టీ పైనుంచి కిందికి రెండుసార్లు చూసింది. తప్పు దొరకలేదు. అయినా ఓడిపోవడం ఇష్టంలేక ఇంకో మాట తీసింది. “ఒకటి కాలంగనే సర్వ చల్లారాలె, మళ్ల పిండి అద్దాలె, మళ్ల కాలాలె. నలుగురికి ఎప్పటికి పెడ్తవు?”

బావ దుకాణానికి వెళ్లి, ఆటోలో నాలుగు కొత్త సర్వలతో దిగాడు. అన్నీ ఒకే సైజు, మందపాటి అడుగు.

“నాలుగెందుకు బావా?”

“వచ్చేది నలుగురు గద బామ్మర్ది.”

దుకాణం గొప్ప చూపించుకోవడానికి తెచ్చాడనుకున్నాను. మా గ్యాస్ స్టవ్వుకు మూడే పొయ్యిలు. నాలుగోది పక్కింటి మొగిలమ్మ దగ్గర అరువు తెచ్చాడు. ఆ తెచ్చే రెండు నిమిషాల్లోనే వాళ్లింట్లో గోకరకాయ కూర అని తెలుసుకుని వచ్చాడు. “సాయంత్రానికి సరిపడా గిప్పుడే అడిగేసిన, ఫికర్ చెయ్యకుండ్రి” అన్నాడు.

హసన్‌పర్తి మీదుగా కరీంనగర్ తిరిగి వెళ్లాలి కాబట్టి చీకటి పడకముందే వాళ్ల కారు వచ్చేసింది. బావ గేటు దగ్గర నిలబడి భానుచందర్‌గారిని “ప్రయాణం ఎట్లైంది?” అన్నాడు. ఆయన బాగానే అయిందన్నాడు. అల్లుణ్ని “ప్రయాణం ఎట్లైంది?” అన్నాడు. తర్వాత సావిత్రమ్మగారు దిగింది. బావ నోరు ‘ఏ’ దాకా తెరుచుకుంది. వెనక నుంచి హారిక గట్టిగా దగ్గింది.

“ఏ... ఎట్లైంది ప్రయాణం?” అన్నాడు బావ, నుదుటి చెమట తుడుచుకుంటూ. కంగారులో మళ్లీ భానుచందర్‌గారి దగ్గరికి వెళ్లి అదే అడిగాడు. ఆయన ఈసారి కారును అనుమానంగా చూసుకున్నాడు.

సావిత్రమ్మగారు ఇంట్లోకి వచ్చి, కొంగు బిగించి, అలవాటు ప్రకారం నేరుగా వంటింటి వైపు నడిచింది. బావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“మీరు కూసోండ్రి చెల్లెమ్మా.”

“నేనో చెయ్యేస్తా అన్నయ్యా. మగవాళ్లకు వడ్డిద్దం, వేడిగ ఉన్నప్పుడే.”

“ఇయ్యాల అందరికీ ఒక్కసారే. మీకే ముందు.”

నాలుగు పొయ్యిల మీద నాలుగు సర్వలు చిటపటలాడుతున్నాయి. బావ చొక్కా చేతులు మడిచి, మొదటి సర్వను బట్టతో పట్టుకుని తెచ్చి, అట్లకాడతో అంచు వదులు చేసి, సావిత్రమ్మగారి కంచంలో బోర్లించాడు. ఎర్రగా కాలిన అడుగు పైకి వచ్చి పడింది. వేళ్లతో పొడిచిన బొక్కల్లో నూనె ఇంకా మరుగుతోంది. వెంటనే రెండోది, మూడోది, నాలుగోది.

ఆమె తినలేదు. కంచం వైపు చూస్తూ కూర్చుంది. మళ్లీ ఏదో తప్పు జరిగిందని అందరం అనుకున్నాం. అక్క నన్ను గిల్లింది, నేనేదో చేసినట్టు.

అప్పుడు ఆమె ఒక ముక్క తుంచింది. వేళ్లు కాలాయి. ఊదుకుంటూ నోట్లో వేసుకుంది. కరకరమన్న చప్పుడు మా అందరికీ వినపడింది.

“లగ్గమై ముప్పై ఏండ్లాయె” అంది. “గిది వేడిగ తిన్నది గిదే మొదలు.”

భానుచందర్‌గారు ఆశ్చర్యంగా చూశాడు. “మనింట్ల చేస్తనే ఉంటవు గదా.”

“చేస్త. ఒక్కటి మీకు, ఒక్కటి అత్తమ్మకు, ఒక్కటి పిల్లగానికి. నా వంతు వచ్చేసరికి పొయ్యి బందు జేసుడే. చల్లగైన ముక్కలు తింట.” తర్వాత బావ వైపు తిరిగింది. “మీకు ఎవ్వలు చెప్పిండ్రు అన్నయ్యా?”

హారిక తల దించుకుని చెప్పింది. “నేనే అత్తమ్మా. డాడీ రోజు ఫోన్ చేసి ఏం కూర అని అడుగుతడు. గంతటితోని ఊకుంటడా, మీ మామయ్య ఏం తిన్నడు, మీ అత్తమ్మ ఏం తిన్నదని ఒక్కొక్కలది అడుగుతడు. నేను ఫోన్ పెట్టేసే తొందరల చెప్పేదాన్ని. మీరు ఎప్పుడు ఆఖర్నే తింటరని, చల్లగైనదే తింటరని ఓ రోజు చెప్పినట్టున్న.”

“ఏడాదిన్నర సంది రోజు, నేనేం తిన్ననో అడిగిండ్రా?”

బావ తన కాలి బొటనవేలితో మాట్లాడుతున్నట్టు కిందికి చూస్తూ చెప్పాడు. “లగ్గంనాడు మీ విస్తరి చూసిన చెల్లెమ్మా. పెట్టినయి పెట్టినట్టే ఉన్నయి. బిడ్డను మీ చేతుల పెట్టి, మిమ్మల్ని ఆకలితోని పంపుతున్ననని పానం ఆగలే. ఇంకోటేమన్న వండిపిద్దమని కారు కాడికి ఉరికొచ్చిన. నోట్లకు ఆ మాటే వచ్చింది.”

నా సంగతి చెప్పాలంటే సిగ్గేసింది. ఆయన ప్రశ్నను ఇరవై ఏడేళ్లుగా ఊరంతటికీ అభినయించి చూపించి నవ్వించినవాణ్ని నేనే. పెళ్లిరోజు కారు దగ్గర కిసుక్కుమన్నదీ నేనే.

సావిత్రమ్మగారు ఇంకో ముక్క తుంచింది. ఈసారి ముఖంలో నవ్వు వచ్చింది. “మరి ఇయ్యాల అడగకపోతిరి?”

బావ హారికను చూశాడు. హారిక కళ్లు తుడుచుకుంటూ తలూపింది. పాపం, పొద్దుటి నుంచి బిగబట్టుకున్న మనిషి, ఎదురుగా తన చేత్తో వండి తన చేత్తో వడ్డించిన కంచాన్ని చూస్తూ అడిగాడు.

“ఏం కూర చెల్లెమ్మా?”

భానుచందర్‌గారికి నవ్వి నవ్వి పొలమారింది. కాచి చల్లార్చిన నీళ్లు అప్పుడు అక్కరకొచ్చాయి.

ఆమె రెండోది కూడా అడిగి వేయించుకుంది. దాన్ని కూడా వేడిగానే తింది. కారెక్కే ముందు అక్క చేయి పట్టుకుని, “ఏడో నెల పడంగనే మంచిరోజు చూసి వచ్చి తీస్కపోండ్రి వదినె. కాన్పు ఇక్కడ్నే” అంది. బావ ఆ మాట విని గేటు తీయడం మరిచిపోయాడు. అల్లుడు రెండుసార్లు హారన్ కొట్టాడు.

ఇప్పుడు హారిక మా ముందుగదిలోనే ఉంది. సావిత్రమ్మగారు ప్రతి మధ్యాహ్నం పన్నెండున్నరకు ఫోన్ చేస్తుంది. కోడలితో రెండు నిమిషాలు మాట్లాడి, ఫోన్ బావకిమ్మంటుంది. “అన్నయ్యా, ఏం కూర? పిల్ల ఎంత తిన్నది? మరి మీరేం తిన్నరు?” అని మొదలుపెడితే పావుగంట. పుట్టి యాభై ఎనిమిదేళ్లయింది గానీ, బావను ఆ ప్రశ్న ఇంత వివరంగా తిరిగి అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఆయనకు తట్టుకోవడం కష్టంగా ఉంది.

“ఏందిరా బామ్మర్ది, దినాం గదే ముచ్చట” అని మొన్న నా దగ్గర విసుక్కున్నాడు. “బీరకాయ అంటే ఊకోదు. పాలు పోసిండ్రా, నువ్వులేసిండ్రా అంటది. మనిషికి వేరే పనుండదా?”

అంటూనే గోడ గడియారం చూశాడు. పన్నెండూ ఇరవై ఐదు. గబగబా వంటింట్లోకి వెళ్లి, గిన్నెల మీద మూతలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుని, ఫోన్ పక్కన వచ్చి కూర్చున్నాడు.