రాజమల్లు కాకా గోటీలు

మొన్న ఆదివారం పొద్దున పాత సామాన్ల బజారులో నడుస్తుంటే, ఎవరో రేకు డబ్బాలో చెయ్యి పెట్టి కలిపిన చప్పుడు వినిపించింది. గాజు గాజుతో రాసుకునే చప్పుడు. డబ్బాలోకి చూడకుండానే అవి గోలీలని తెలిసిపోయింది. ఒకటి తీసి ఎండకు పట్టుకున్నాను. లోపల గుండ్రటి చిన్న బుడగ ఒకటి కనిపించింది. "కాకా, ఇటు రా" అనబోయి, పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆయన పోయి రెండేళ్లు దాటింది. అయినా ఆ పిలుపు ఇంకా నోటిదాకా వస్తూనే ఉంది.

రాజమల్లు కాకా మరమగ్గాల కార్మికుడు. సిరిసిల్ల వైపు పల్లెలో పుట్టి, ఇరవై ఏళ్లకే సూరత్ వచ్చి, నలభై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడ్డాడు. నేను వరంగల్‌లో దంతవైద్యం చదివి, పెళ్లయ్యాక మా ఆయన ఉద్యోగం వల్ల సూరత్ వచ్చి, ఇక్కడి అడాజన్ ప్రాంతంలో చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. మొదటి ఏడాది రోజుకు ఇద్దరు ముగ్గురు వస్తే గొప్ప. నాకు గుజరాతీ రాదు, వాళ్లకు నా హిందీ మీద నమ్మకం లేదు. బోర్డు మీద ఒక మూల తెలుగులో నా పేరు రాయించాను. అది చదివి, ఊరికి ఇంకో కొసన ఉన్న అమ్రోలి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడాయన, వాచిన దవడ పట్టుకుని.

నేను ఏం అడిగినా జవాబు చెప్పలేదు. చివరికి నా ముఖం వైపు వేలు చూపించి, "అది తియ్యి బిడ్డా, నీ మాట కనవడ్తలేదు" అన్నాడు. అప్పుడు అర్థమైంది. మగ్గాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. పెదవులు చూసి మాట అందుకుంటాడు. మాస్కు తీసి మళ్లీ అడిగాను. పన్ను పని పూర్తయ్యాక నొప్పి సంగతి మరిచిపోయినట్టు, నేను పెట్టుకున్న భూతద్దాల కళ్లజోడునే చూస్తూ కూర్చున్నాడు.

"గా అద్దాలు జర ఇస్తవా? ఒక్క నిమిషం."

చొక్కా జేబులోంచి బట్ట మూట తీసి విప్పాడు. ఒక గోలీ. మసకబారి, ఒళ్లంతా గీతలతో ఉంది. దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ చాలాసేపు చూసి, కళ్లజోడు నాకు తిరిగిచ్చాడు. "నువ్వు సూడు. ఈ కొసకు గరుకున్నదా? గీడ కోసిండ్రు. గాజును కడ్డీలెక్క సాగదీసి, ఒక్కొక్కటి కత్తిరించి చేతితోని చేసినయి. అందుకే రెండు కొసలకు మచ్చ ఉంటది. మిషన్ గోటీకి ఉండదు."

లోపల సన్నని తెల్లటి పోగులు వలలా అల్లుకుని మెలితిరిగి ఉన్నాయి. వాటి చుట్టూ నీలం చారలు. అంత చిన్న దానిలో అంత నేత ఎలా పట్టిందో నాకు అర్థం కాలేదు. "ఇన్నేండ్లు దారంతోనే బతికిన. గాజు లోపల దారం వడికినోడు ఏ దేశంల ఉండెనో" అన్నాడాయన. ఆ గొంతులో ఉన్నది గోలీ మీద మోజు కాదు, ఎన్నడూ చూడని తోటి పనివాడి మీద గౌరవం.

అప్పటి నుంచి ఆదివారాలు ఆయనతో, ఆయన ఎప్పటి నుంచో గోలీలు ఏరే రాందేర్ పాతపేటకు వెళ్లడం అలవాటైంది. అక్కడ ఒకప్పుడు సముద్రం మీద వ్యాపారం చేసినవాళ్ల పాత కొయ్య ఇళ్లను పడగొట్టి, వాటి చోట ఫ్లాట్లు కడుతున్నారు. ఆ శిథిలాల్లో, మేస్త్రీని అడిగి, కాకా ఇటుక పొడి జల్లించేవాడు. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు పోగొట్టుకున్న గోలీలు మెట్ల సందుల్లో, నేల చెక్కల కింద దొరికేవి. కాకా గోటీ అనే గోలీని గుజరాతీలో లఖోటీ అంటారు. పనివాళ్లు ఆయన్ని లఖోటీ కాకా అని పిలిచేవారు. ఎండకు పట్టి బుడగలు చూడటం, గోటితో కొసలు తడమటం, అచ్చులో పోసిన గాజుకు ఉండే అతుకు గీత గుర్తుపట్టడం అక్కడే నేర్చుకున్నాను. ఒకసారి ఆకుపచ్చగా, లోపల ఏమీ లేని గోలీ దొరికితే పక్కకు విసిరేయబోయాను. "పారెయ్యకు. సోడా సీసాది. దాని బతుకు దానిది" అని జేబులో వేసుకున్నాడు.

అన్నిటికంటే ఎక్కువగా ఆయన చూసేది గోలీల మీద ఉండే నెలవంక లాంటి చిన్న చిన్న దెబ్బలను. ఇంకో గోలీ వచ్చి తగిలిన గుర్తులవి. ఎన్ని ఉంటే అంత ఆడారని లెక్క.

అది నాకు చెప్పాడు. చెప్పినా నా బుర్రకు ఎక్కలేదు. మొదటి రోజు చూపించిన ఆ నీలం చారల గోలీని, నా క్లినిక్ కెమెరాలో పెద్దగా చూద్దామని ఒక వారం నా దగ్గర ఉంచాడు. రోగులు లేని ఒక పగలు దాన్ని చేతిలోకి తీసుకున్నాను. పింగాణీ పళ్లకు నునుపు తెచ్చే చక్రాలు, ముద్దలు నా దగ్గర ఉన్నాయి. కాకా సంతోషిస్తాడనుకున్నాను. భోజనం కూడా మరిచి గంటలకొద్దీ రుద్దాను. గీతలు పోయాయి, నెలవంకలు పోయాయి, కొసల గరుకూ పోయింది. లోపలి తెల్లని వల మంచినీళ్లలో తేలుతున్నట్టు కనిపించింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మరునాడు ఆయన వచ్చి దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. బొటనవేలు కొస కోసం వెతికింది. తిప్పి రెండో వైపు వెతికింది. మళ్లీ మొదటి వైపుకు వచ్చింది. ఆ వేలిని చూస్తుండగానే నేనేం చేశానో నాకు తెలిసింది.

"మంచిగ మెరుస్తున్నది" అన్నాడు. దాన్ని మళ్లీ బట్టలో చుడుతూ, "గని ఇది ఎవలు ఆడిండ్రో ఇగ తెల్వదు బిడ్డా" అన్నాడు.

నెల రోజులు ఆయన రాలేదు. ఫోన్ చేద్దామంటే ఆయనకు వినపడదు. ఉండబట్టలేక అమ్రోలిలో ఆయన గది వెతుక్కుంటూ వెళ్లాను. నన్ను చూసి స్టవ్ వెలిగించి చాయ్ పెట్టాడు. నేను ఆయనకు ఎదురుగా, పెదవులు కనబడేలా కూర్చుని, తప్పయిపోయిందని చెప్పాను.

"పాడైంది బాగుచేసుడు నీ పని. చేసినవ్. కోపం లేదు" అన్నాడు గ్లాసు అందిస్తూ. "బాధైతే ఉన్నది. రెండు ఒక్కటి గాదు."

ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. బాధ లేదని నన్ను ఊరడించి ఉంటే అంతటితో మరిచిపోయేదాన్నేమో. తర్వాతి ఆదివారం మళ్లీ రాందేర్ వెళ్లాం. ఆ గోలీ ఊసు ఇద్దరమూ ఎత్తలేదు.

మరుసటి ఏడాది ఆయనకు ఆయాసం ఎక్కువైంది. భివండీలో ఉన్న కొడుకు వచ్చి తీసుకుపోయాడు. "వానలు పోయినంక అస్త" అని చెప్పి వెళ్లాడు. వానలు వెలిశాయి. ఆయన రాలేదు. దీపావళి సెలవుల్లో కొడుకు ఒక్కడే నా క్లినిక్‌కు వచ్చి, "బాపు మీకియ్యమన్నడు" అని ఒక మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టాడు. అతన్ని కూర్చోబెట్టి, కాకా చివరి రోజుల సంగతి అడిగాను.

డబ్బా నిండా కాగితపు పొట్లాలు. ఒక్కో పొట్లంలో ఒక గోలీ, ఒక చీటీ. ఎక్కడ దొరికింది, ఎట్లా ఉండింది, నాలుగో తరగతి దాకా చదివినవాడి పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ నీలం చారల గోలీ అడుగున దొరికింది. దాని చీటీ నాకు కంఠతా వచ్చు. "రాందేర్. పచ్చ తలుపుల ఇల్లు, మెట్ల కింద. మస్తు దెబ్బలు ఉండె. డాక్టర్ బిడ్డ నా కోసం పొద్దంత కూసోని తీసింది."

ఇప్పుడు నా క్లినిక్ నిండుగానే నడుస్తోంది. గుజరాతీ వచ్చేసింది. పోయిన వారం ఒక పెద్దావిడ పళ్లు శుభ్రం చేయించుకోవడానికి వచ్చింది. ఇంట్లోనే కూర్చుని చీరలకు కుట్టుపని చేసే మనిషి. ఆమె ముందు పంటికి అంచున ఒక గాటు ఉంది. అది పూడ్చడం పది నిమిషాల పని. మాస్కు కిందికి దించి, ఇది ఎట్లా వచ్చిందమ్మా అని అడిగాను. పెళ్లయిన ఏడాది నుంచి దారం కొరికీ కొరికీ పడిందని, ఆ కుట్టుపనితోనే ముగ్గురు పిల్లల్ని పెంచానని, ఎవరి పెళ్లికి ఏ రంగు చీర కుట్టిందో సహా చెప్పుకొచ్చింది. బయట ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. ఆమె చెప్పేదంతా విన్నాను. పూడ్చమంటారా అని అడిగాను. నాలుకతో ఆ గాటును ఒకసారి తడుముకుని, "రహేవా దో, బెన్" అంది. ఉండనివ్వమ్మా, అని.

చుట్టూ శుభ్రం చేసి, దాన్ని అట్లాగే ఉంచి పంపాను.