పినాంగ్ పురుడు

మా పెదనాన్న ఎవరింటికి వెళ్లినా, టీ చేతికి రాకముందే తన పుట్టుక గురించి మొదలుపెట్టేవాడు. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి కాబట్టి మా నాయనమ్మ నిండు నెలలతో పినాంగ్ వెళ్లిందట, అక్కడ ఈయన పుట్టాడట. ఆ రోజుల్లో పినాంగ్ నేరుగా బ్రిటిష్ వాళ్లది. పక్కనే ఉన్న మా పేరాక్ రాష్ట్రం సుల్తాన్‌ది, తెల్లవాళ్లు ఇక్కడ పెత్తనం మాత్రం చేశారు. "నాను రాణీగారి గడ్డ మీద పుట్టినోణ్ణి. మీ అయ్య కొబ్బరి మట్టల్లో పుట్టినాడు," అని నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ అనేవాడు. మా నాన్న నవ్వి ఊరుకునేవాడు. పోయేదాకా అలాగే నవ్వాడు. నాకు ఆ నవ్వంటే అసహ్యం.

ఎనిమిదేళ్ల కిందట పెదనాన్నని కంటి ఆపరేషన్‌కి తెలుక్ ఇంటాన్ ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. కౌంటర్లో చూపించడానికి ఆయన ఐసీ, అంటే గుర్తింపు కార్డు, నా చేతికి వచ్చింది. ఈ దేశంలో ఎవరి కార్డు చూసినా, నంబరు మధ్యనుండే రెండంకెలు పుట్టిన రాష్ట్రం చెబుతాయి. పినాంగ్‌కి సున్నా ఏడు. ఆయన కార్డు మీద సున్నా ఎనిమిది ఉంది. అంటే పేరాక్. ఏదైనా అప్పటికప్పుడు మొహం మీద అనేసే దాన్ని, ఆ ఒక్కటి దాచుకున్నాను.

పోయిన ఏడాది ఆయన కొడుక్కి సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. నాకన్నా రెండేళ్లు పెద్ద, యాభైకి దగ్గర పడ్డాడు, పిలిచేవాడు లేడు. అలాంటి వాళ్ల కోసమే ఏజెంట్లు పుడతారు. స్వాతంత్ర్యానికి ముందు పినాంగ్‌లో పుట్టినవాళ్లకి బ్రిటిష్ హోదా ఉండిపోయిందనీ, వాళ్ల పిల్లల్లో ఎనభై మూడుకి ముందు పుట్టినవాళ్లకీ అది వస్తుందనీ ఒకడు నూరిపోశాడు. అంతవరకు నిజానికి దగ్గరే. ఆ పైన, ఇక్కడి పౌరసత్వం వదిలేసి వెళ్తే వాళ్లు అక్కడ ఉంచుకోక తప్పదన్నాడు. తండ్రి జనన పత్రం సంగతి తర్వాత చూద్దామన్నాడు.

ఓ ఆదివారం బాగన్ దాతుక్‌లో పెదనాన్న ఇంట్లో అందరికీ భోజనాలు. పౌరసత్వం వదులుకునే ఫారం నింపి, సంతకం కూడా పెట్టి, చేపల పులుసు గిన్నె పక్కన ఉంచాడు అన్నయ్య. సోమవారం పుత్రజయలో సర్కారు ఆఫీసులో ఇచ్చేస్తాడట.

ఈ సంగతి నాకు రెండు వారాల ముందే తెలుసు. ఫోన్లో ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నేను అందరూ కూర్చునేదాకా ఆగాను.

"ఆ పాస్‌పోర్టుతో అక్కడేటి సేస్తావన్నయ్యా?"

"ఉంటాను గదా. బ్రిటిష్ పాస్‌పోర్టే అది."

"ఓవర్సీస్ సిటిజన్ అంటారు దాన్ని. అట్ట మీద పేరే గానీ, ఆ దేశంలో ఉండే హక్కు నేదు. అందరిలాగే వీసా అడుక్కోవాలి. ఏ దేశమూ నేనోళ్లకి ఓ దారి ఉంది, తనంతట తాను దేశం వదులుకున్నోడికి అదీ నేదు. ఇక్కడ పోద్ది, అక్కడ రాదు."

"నువ్వేటి, లాయరమ్మవా?"

"కాదు. సదవడం వచ్చు. నీకూ వచ్చనుకున్నాను."

పెదనాన్న ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "దానికి ఏడుపు. అయ్య మట్టల్లో పుట్టినాడు గదా," అన్నాడు.

నేను లేచి చెయ్యి కడుక్కుని వచ్చాను.

"పెదనాన్నా, మీ ఐసీ ఓపాలి ఇలాగియ్యండి."

"ఏటికే?"

"రాణీగారి గడ్డ ఏ అంకెలో ఉందో సూద్దారి."

ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. అన్నయ్యే ఆయన చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. గట్టిగా చదవమన్నాను. మధ్యకి వచ్చేసరికి వాడి గొంతు తగ్గిపోయింది. "సున్నా ఎనిమిది."

"గుమాస్తా తప్పు రాసుంటాడు," అంది పెద్దమ్మ.

"అయితే జనన పత్రం తెండి."

ఎవరూ లేవలేదు. పెదనాన్న పులుసు గిన్నెతో చెబుతున్నట్టు అన్నాడు: "పురిటికి రమ్మని అమ్మని పినాంగ్ నుంచి ఎవులూ పిలవనేదు. ఆల్లకి కొట్టుంది, ఈవిడ తోట కూలోణ్ణి సేసుకున్నాది. ఇక్కడే కన్నాది నన్ను. ఎవులడిగినా పినాంగని సెప్పరా అని అమ్మే సెప్పినాది."

అక్కడితో నేను ఆగి ఉండొచ్చు. "అయితే మీరూ మట్టల్లోనే పుట్టినారు," అన్నాను.

అన్నయ్య ఫారం నాలుగు మడతలు పెట్టాడు. "మీ అమ్మ పరువు కోసం నన్ను దేశం నేనోణ్ణి సేసీవోడివి," అని తండ్రి మొహం మీదే అనేసి, కారెక్కి వెళ్లిపోయాడు. నాకు థాంక్స్ కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫారం మాత్రం పుత్రజయ చేరలేదు. నేను చేసింది తప్పని ఎవరైనా అంటే ఇప్పటికీ వాదిస్తాను.

మొన్న పెదనాన్న రెండో కంటికి ఆపరేషన్. కొడుకు రాడు కాబట్టి మళ్లీ నేనే తీసుకెళ్లాను. క్యూలో పక్కన కూర్చున్న ముసలాయన, తెలుగాయనే, "తమరు ఎక్కడ పుట్టినారండీ?" అని పలకరించాడు. పెదనాన్న నోరు తెరిచాడు. నన్ను చూసి మూసుకున్నాడు. జేబులోంచి కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు.