రెండు వాటాల కోత

జెట్టీలో టికెట్ల కౌంటర్ వెనక కంప్యూటర్ ముందు నేను నాలుగేళ్లు కూర్చున్నాను. దీవిలో మేముండే జంగ్లీఘాట్ సందులో అందరూ నన్ను గవర్నమెంటు మనిషినే అనుకునేవారు. నిజానికి నేను సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో ఉండే ఒక ఏజెన్సీ మనిషిని. జెట్టీ నడిపే గవర్నమెంటు ఆఫీసు తలకింత అని ఏజెన్సీకి కట్టేది. ఏజెన్సీ కోయవలసినవన్నీ కోసుకుని, మిగిలింది మా ఖాతాల్లో వేసేది. వాళ్లను మేమెవరమూ చూడలేదు. ఒక ఫోన్ నంబరు, అందులో ఒక మగ గొంతు, అంతే.

ఏజెన్సీ కింద పనిచేసేవాళ్లలో ఇంగ్లీషు బాగా చదవగలిగింది నేనే కాబట్టి, అందరి జీతం చీటీలూ నా ఫోనుకే వచ్చేవి. నేనే ప్రింటు తీసి పంచేదాన్ని.

ఓడ వచ్చి ఆగేటప్పుడు తాళ్లు అందుకుని కట్టే పనిలో ఒకాయన ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వేటకు వచ్చి, పడవ పాడైపోయాక ఈ పనిలో చేరాడు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని. ఆయన మాత్రం ఇక్కడి అలవాటు ప్రకారం నన్ను హిందీలో దీదీ, అంటే అక్కా, అనేవాడు. ఒక మధ్యాహ్నం చీటీ పట్టుకుని కిటికీ దగ్గరకు వచ్చాడు.

"దీదీ, పీఎఫ్ అని రెండు దగ్గర్ల కోసినారు. ఏటిది? గల్తీ అయిపోనాదేటి?"

పీఎఫ్‌లో ఒక వాటా పనివాడిది, రెండోది యజమాని తన జేబులోంచి కట్టాల్సింది. మా చీటీల్లో ఆ రెండో వాటా కూడా మా జీతంలోంచే పోయింది. నేను ఏజెన్సీకి ఫోన్ చేశాను. ఆ గొంతు హిందీలో తాపీగా చెప్పింది. ఆఫీసు ఇచ్చే రేటులోనే రెండూ కలిసి ఉంటాయట. కాంట్రాక్టులో అలాగే రాసుందట. ఇష్టం లేనివాళ్లు మానేయొచ్చట.

మానేయగలిగిన వాళ్లం కాదు. అందుకే ఆయనతో, "గల్తీ కాదన్నా. రెండూ నీ పేరు మీదే జమవుతాయి, ఎక్కడికీ పోవు," అన్నాను.

"నువ్వు సెప్పినావంటే టీకే," అని వెళ్లిపోయాడు.

జమవుతున్నాయో లేదో చూడడానికి ఫోన్‌లో ఐదు నిమిషాలు పట్టేది. ఆయనది చూడలేదు, నాదీ చూసుకోలేదు.

మరో రెండేళ్లకు, వాన పడుతున్న ఒక ఉదయం, ఆయన ఓడ తాడు అందుకుని కట్టి, అక్కడే కూలబడ్డాడు. క్యూలో జనం అరిస్తే లేచి చూశాను. చెయ్యి గుండెల మీద ఉంది. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

దినకర్మలు అయ్యాక ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. చేపలు శుభ్రం చేసి అమ్ముకునే మనిషి. నేను పంచిన చీటీలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది, ఒక్క నెలది కూడా పోలేదు. ఇద్దరం పీఎఫ్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా మంచివాడు. కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించాడు.

మొదటి ఏడు నెలలే జమ అయ్యాయి. ఆ తర్వాత, ఉద్యోగం మానేశాడని రాసి ఉంది. టెండరు మారినప్పుడు ఏజెన్సీ కొత్త పేరుతో మళ్లీ వచ్చింది. పాత పేరు కింద మమ్మల్నందరినీ మానేసినట్టు చూపించి, కొత్త పేరు కింద ఎవరినీ నమోదు చేయలేదు. కోత మాత్రం ఒక్క నెలా ఆగలేదు.

"మరి పీఎఫ్ ఉన్నోడు సచ్చిపోతే బీమా వస్తాదంటారు కదా?" అంది ఆమె.

"పోయే నాటికి పనిలో ఉన్నట్టు రికార్డు ఉండాలమ్మా. ఇందులో లేదు. ఫిర్యాదు పెట్టండి, విచారణ జరుగుతుంది."

బయటికొచ్చాక ఆమె నా వైపు తిరిగింది. "జమవుతాదని నువ్వే గదా దీదీ సెప్పినావు. ఆయన ఇంటికొచ్చి నాకూ అదే సెప్పినాడు."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఫిర్యాదు నేనే రాశాను. మిగతావాళ్లను సంతకాలు అడిగితే ముగ్గురే పెట్టారు. కాంట్రాక్టు రెన్యువల్ నెలలో ఎవరు ముందుకొస్తారు? మరుసటి నెల ఏజెన్సీ పనివాళ్ల జాబితాలో నా పేరు లేదు. విచారణకు ఏజెన్సీ తరఫున ఒకే ఒకసారి వకీలు వచ్చాడు. చీటీల మీద కంపెనీ ముద్ర లేదనీ, వాటిని ప్రింటు తీసింది నేనేననీ, అవి నేను తయారు చేసినవి కావని ఎలా నమ్మాలనీ అడిగాడు. ఆమె నా పక్కనే కూర్చుని ఉంది. నేను ఫోన్ తెరిచి పాత మెసేజీలు ఒక్కొక్కటీ చూపించాను.

ఏడాదిన్నర తర్వాత, కోసినదంతా కట్టమని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి ఆ కంపెనీ చిరునామాలో ఎవరూ లేరు. ఆమెకు అందింది ఆ ఏడు నెలల సొమ్మే. బీమా రాలేదు.

కూతురిని తీసుకుని, దీవుల ఉత్తర కొసన డిగ్లీపూర్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతోందని తెలిసి, బస్సు దగ్గరికి వెళ్లాను. వాళ్ల సంచులు పైకి అందించాను. బస్సు కదిలే ముందు ఆమె కిటికీలోంచి, "ఇంటికి పో దీదీ, ఎండెక్కిపోతోంది," అంది.

నేను తల ఊపాను. క్షమించమని అడగాలని వెళ్లినదాన్ని, అడగకుండానే ఇంటిదారి పట్టాను.