శనివారం దాకా ఆగని కూలి

పోయిన వారం ఒక సాయంత్రం తమిళనాట మా విరుదునగరం ఇంట్లో కాఫీలు తాగుతూ కూర్చున్నప్పుడు మా కోడలి ఫోను టింగుమంది. తను పనిచేసే నూలుమిల్లు వాళ్ళు, పెద్ద ఆర్డరు ఒకటి గడువుకు ముందే పూర్తయిందన్న సంతోషంలో, నెలజీతంతో సంబంధం లేకుండా నెల మధ్యలోనే అందరికీ కొంత బోనసు వేశారట. పిల్ల ముఖం వెలిగిపోయింది. ఇద్దరిదీ ఒకటే ఖాతా కాబట్టి మా అబ్బాయి ఫోనుకూ అదే కబురు వచ్చి ఉంటుంది. ఆ వెలుగు పూర్తిగా విచ్చుకునేలోగానే వాడు పక్కగదిలోంచి, ఫ్రిజ్జు వాయిదా దీంతో తీరిపోతుందని సంబరంగా కేకేశాడు. వాడి తప్పేమీ లేదు, ఫ్రిజ్జు నీళ్ళు అందరం తాగుతున్నాం, కోడలు కూడా నవ్వి ఊరుకుంది. నేనే ఎందుకో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. వారం మధ్యలో, ఎవరూ ఎదురుచూడని రోజున చేతికొచ్చే డబ్బు రుచి మన ఈడు ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు గాని, ఆ పూట నా మనసు ఉన్నపళంగా కోవిల్పట్టికి, నా పెళ్ళయిన ఏడాదికి పరిగెత్తింది.

నా పుట్టిల్లు కయత్తారు పక్క పల్లె. ఇప్పుడైతే ఎటు చూసినా గాలిమరలు తిరుగుతుంటాయి గాని, అప్పట్లో ఆ గాలి మా నల్లరేగడి మట్టిని కళ్ళల్లో కొట్టడానికి తప్ప మరెందుకూ పనికొచ్చేది కాదు. నన్ను ఇచ్చింది కోవిల్పట్టిలో నూలుమిల్లు పనివాడికి. కాపురానికి వచ్చిన నెల తిరక్కుండానే మా అత్తగారు నన్ను తీప్పెట్టి ఆపీసులో చేర్పించింది. ఆపీసంటే కుర్చీలు, ఫ్యాన్లు అనుకునేరు! అగ్గిపెట్టెలు చేసే కార్ఖానాను మా ఊళ్ళో అలాగే అనేవాళ్ళం, ఇప్పటికీ అంటారు. పొడవాటి రేకుల షెడ్డు, అందులో వరసలుగా చాపల మీద మేము, మా ముందు కొండల్లా పుల్లలు, పెట్టెలు. నింపిన పెట్టెకు లేబులు అంటించి కట్టలు కట్టడం మా పని. ఎన్ని కట్టలు కడితే అంత కూలి, ఆ కూలి శనివారం సాయంత్రం.

ఆ శనివారం సంగతి కాస్త చెప్పాలి. కూలి అందుకుని గేటు దాటేసరికి అవతల మా ఇళ్ళ పెద్దలంతా బారులు తీరి ఉండేవాళ్ళు. అత్తలు, మామలు, కొందరికి మొగుళ్ళు, ఒకరిద్దరికి వాయిదాల మీద గిన్నెలిచ్చిన వ్యాపారి కూడా. మా అత్తగారు గోడవారన చీపురుకట్ట అంత నిటారుగా నిలబడి ఉండేది. నేను వెళ్ళి డబ్బు చేతిలో పెట్టేదాన్ని, ఆవిడ కొంగున ముడేసుకుని, పూలకో జాకెట్టు పిన్నులకో ఒక నాణెం నా అరచేతిలో పెట్టేది. గయ్యాళి కాదు, చెడ్డదీ కాదు. ఇల్లు నడిపేది ఆవిడ, డబ్బు ఆవిడ దగ్గరికి పోవాలి, అంతే. దీపావళికి ఇచ్చే బోనసు కూడా అంతే, ఏ తేదీన ఇస్తారో ఊరంతటికీ తెలుసు కనుక అది ఇవ్వకముందే దేనికెంతో ఇంట్లో తేలిపోయి ఉండేది.

ఆ ఏడు నా తలదీపావళి. పెళ్ళయిన మొదటి దీపావళికి కూతుర్నీ అల్లుణ్ణీ పుట్టింటికి పిలిచి, తెల్లవారుజామున నూనె అంటి తలస్నానం చేయించి, కొత్తబట్టలు పెట్టి పంపాలి. మా వైపు ఇది చేయలేని తల్లిదండ్రులు ఊళ్ళో తలెత్తుకోలేరు. ఆ ఏడు వాన అదనుకు రాక పత్తి మాడిపోయింది. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. కోవిల్పట్టి మార్కెట్టుకు రోజూ కూరగాయల గంపలతో వచ్చి సాయంత్రం బస్సుకు తిరిగిపోయే మా మేనమామ ఒక ఆదివారం ఇంటికి వచ్చి, అత్తగారు లోపలికి వెళ్ళిన సందు చూసి చెవిలో వేశాడు, అమ్మ రాబోయే గురువారం కయత్తారు వెళ్ళి తన చెవి కమ్మలు కుదువ పెట్టబోతోందని. అవి నాన్న చేయించినవి. అమ్మ ఒంటి మీద మిగిలిన బంగారం అదొక్కటే. మా ఊళ్ళో కుదువ పెట్టిన నగ తిరిగి చెవికెక్కగా నేను చూడలేదు.

మరి అత్తగారిని అడగొచ్చు కదా అంటారు. ఎలా అడుగుతాను? కోడలు మెట్టినింటి డబ్బు పుట్టింటికి మోసిందన్న మాట నాకు మచ్చ, అంతకంటే అమ్మకు మచ్చ. కూతురి అత్తింటి డబ్బుతో అల్లుడికి పంచె పెట్టిందని ఊళ్ళో తెలిస్తే అమ్మ ఆ రోజే నూతిలో దూకుతుంది. కాబట్టి నోరు కుట్టుకుని కూర్చున్నాను.

అప్పటికే ముసురు పట్టి ఉంది. పంటకు రానిది సరిగ్గా మా పని చెడగొట్టడానికి వచ్చిందా అన్నట్టు, రోజుల తరబడి చినుకు ఆగలేదు. పుల్లల తలకు అద్దిన మందు ఆరదు, పెట్టెల జిగురు పట్టదు, ఆపీసు మూతపడింది. మామ వచ్చి వెళ్ళిన మర్నాడు, సోమవారం పొద్దున మాత్రం ఫెళ్ళున ఎండ కాసింది. మొదలాళి, అంటే మా యజమాని, స్వయంగా షెడ్డు గుమ్మంలో నిలబడి తమిళంలో ఒక ప్రకటన చేశాడు. విరుదునగరం మండీ వ్యాపారి లారీ బుధవారం సాయంత్రం వస్తోంది, దీపావళికి ముందు పోయే ఆఖరి లోడు అదే, ఆ లోడు నిండితే మామూలు కూలి గాక కట్టకు ఇంత అని ఎక్‌స్ట్రా ఇస్తానన్నాడు. షెడ్డంతా ఒక్కసారిగా గుప్పుమంది! నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్కనున్న పిల్లకు వినిపించిందేమోనని సిగ్గుపడ్డాను.

ఆ మూడు రోజులు మేం చేసిన పని ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. అన్నం గిన్నెలు తెరిచిన వాళ్ళు లేరు, కబుర్లు లేవు, ఒకళ్ళ జిగురు అయిపోతే ఇంకొకళ్ళు అడక్కుండానే తోసేవాళ్ళు, వరసకూ వరసకూ పందెం. నా వేళ్ళు నావి కావేమో అన్నంత జోరుగా ఆడాయి. బుధవారం పొద్దు వాలుతుండగా లారీ వచ్చి గేటు ముందు హారను కొట్టేసరికి, మా వరసలో ఆఖరి గుట్టకు లేబుళ్ళు అంటిస్తే చాలు, లోడు పూర్తి.

అప్పుడొచ్చాడు కణక్కుపిళ్ళై, మా పని లెక్క రాసే గుమాస్తా. ఆయనా మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే, మంచివాడు, చల్లగా చెప్పాడు, ఎక్‌స్ట్రా డబ్బు శనివారం కూలితో కలిపి ఇస్తామని. నా ప్రాణం ఉసూరుమంది. శనివారమంటే గురువారం దాటిపోతుంది, పైగా గేటు దగ్గర అత్తగారు ఉంటుంది. ఏడుపు ముంచుకొచ్చింది. అయితే చుట్టూ చూద్దును కదా, నాలాగే ప్రతి ముఖమూ వాడిపోయి ఉంది. ఎవరి అవసరం ఎవరు చెప్పుకున్నారు గనక! ఒకామెకు బిడ్డ మందు, ఇంకొకామెకు చెల్లెలి బడి ఫీజు, మరొకామెకు సినిమానే కావచ్చు, ఎందుకు కాకూడదు?

మా వరసలో పెద్దది ఒకావిడ ఉండేది, నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆవిడ తన ముందున్న లేబుళ్ళ కట్ట తీసి చాప మీద పెట్టి, దాని మీద తీరిగ్గా కూర్చుంది. ఆవిణ్ణి చూసి పక్కావిడ, ఆవిణ్ణి చూసి నేను. లేబులు లేని అగ్గిపెట్టె ఏ అంగట్లోనూ అమ్ముడుపోదు. కణక్కుపిళ్ళై నోరు తెరిచాడు.

"మూడు దినాలకు ఏమాయెనమ్మా? శనారం కూలితో సేర్చి ఇస్తే చాలదా? దుడ్డు ఏడికి పోతుంది?"

"శనారం దుడ్డు ఇంటిది సామీ," అంది పెద్దమ్మ. "ఈ దుడ్డు మాది. ఈ పొద్దే ఇయ్యండి."

పాపం ఆయనకు అర్థం కాలేదు, మగవాడు కదా, ఏ రోజు ఇచ్చినా అదే డబ్బు అనుకున్నాడు. మొదలాళి వచ్చాడు, కసిరాడు, కళ్ళెర్రజేశాడు, రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. పని పోతే ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? అయినా లేచినవాళ్ళు లేరు. లారీ డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు, పడమట మళ్ళీ మబ్బు కమ్ముతోంది, వాన పడితే లోడు తడిసి మొదటికే మోసం. మొదలాళి మబ్బు వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసి, చివరికి తనకే నవ్వొచ్చి, తలకొట్టుకుంటూ మండీ మనిషి తెచ్చిన అడ్వాన్సు సంచీ విప్పించాడు. మేం కూర్చున్న చోటనే, వరసగా, చేతుల్లోకి డబ్బు! మేం లేచి ఎంత వేగంగా ఆ లేబుళ్ళు అంటించామో చూసి డ్రైవరే చప్పట్లు కొట్టాడు.

గేటు బయట ఆ రోజు నరపురుగు కూడా లేదు. ఖాళీ వీధి అంత అందంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నోట్లను ఒక పాడైన లేబులు కాగితంలో చుట్టి రవికెలో దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి బస్టాండు వైపు పరిగెత్తాను. కొత్తకోడలు అలా వీధుల్లో పరిగెత్తడమేమిటని ఎవరన్నా అనుకుంటారన్న ధ్యాసే లేదు. చినుకులు మొదలయ్యాయి. కయత్తారు బస్సు అప్పటికే కదులుతోంది. పక్కరేకు మీద దబదబా బాదుతూ వెంటపడితే, కిటికీలోంచి మా మేనమామ తల బయటపెట్టి గాభరాగా అరిచాడు.

"ఏమ్మే, ఏమాయె?"

"అమ్మకు మామా! అమ్మ చేతికే ఇయ్యి. రేపు ఏడికీ పోవద్దని చెప్పు!"

పొట్లం ఆయన చేతిలో పడింది, బస్సు వెళ్ళిపోయింది, నేను ఆ బురదలో నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. ఇంటికి చేరేసరికి అత్తగారు పొయ్యి దగ్గర ఉంది. మోకాళ్ళ దాకా బురద ఉన్న నా కాళ్ళ వంక చూసి, సంగటి ఆరిపోతా ఉండాది, కాళ్ళు కడుక్కోని రా అంది, అంతే. ఎందుకాలస్యమని అడగలేదు. బతికిపోయాననుకున్నాను.

దీపావళి రోజు అమ్మ మా ఆయనకు జరీ అంచు పంచె, నాకు పచ్చ చీర పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. చెవులకు కమ్మలు మెరుస్తున్నాయి. పళ్ళెం అందిస్తూ కింద నుంచి నా వేళ్ళను ఒక్కసారి గట్టిగా నొక్కింది, ఆ నొక్కు ఇప్పటికీ ఈ చేతిలో ఉంది. మా ఆయన ఆ పంచెను ఏళ్ళ తరబడి తన అత్తగారు పెట్టిందని గర్వంగా చెప్పి కట్టుకునేవాడు. నేను ముసిముసిగా నవ్వుకునేదాన్ని.

అత్తగారిని ఏమార్చానన్న మురిపెం నాకు చాలా ఏళ్ళు ఉండేది, కాస్త గర్వం కూడా. ఆవిడ మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం తల దువ్వుతుంటే, తీప్పెట్టి ఆపీసు కబుర్లు వచ్చాయి. పెళ్ళైన కొత్తలో తనూ ఆ వరసల్లో కూర్చున్నదేనట, వారం మధ్యలో ఇచ్చే ఎక్‌స్ట్రాను వారం మధ్యలోనే ఇవ్వాలని మొదట పట్టుబట్టింది వాళ్ళేనట. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆవిడ వెనక్కి తిరగకుండానే అంది:

"ఆ పొద్దు నువ్వు బస్టాండుకు పరిగెత్తేటప్పుడు నేను ఎదురుగానే వస్తా ఉంటిని. నన్ను చూస్తే నువ్వు నిలిచిపోతావు, బస్సు పోతుంది. అందుకే ఎద్దుల బండి ఎనక నిలబడుకొంటిని."

ఇప్పుడు ఎంత మారిందో చూడండి. మా కోడలికి తన పేరుతో జీతం ఉంది, గేటు దగ్గర చెయ్యి చాచేవాళ్ళు లేరు, నాకన్నా ఎంతో మేలైన బతుకు, దానికి నేను నిజంగా సంతోషిస్తాను. కానీ ఇప్పుడు ఎవరి చేతికి ఏది వచ్చినా, ఏది పోయినా ఆ నిమిషానికే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మా కాలంలో ఇంట్లో పెద్దలు మా డబ్బంతా తీసుకున్నారు, నిజమే. ఆ పెద్దల్లోనే ఒకరు, నేను పరిగెత్తుతుంటే చూసి, వానలో తడుస్తూ బండి చాటున నిలబడ్డారు. ఆవిడ పక్కకు తప్పుకోకపోయి ఉంటే మా అమ్మ చెవులు బోసిపోయేవి. ఆ సంగతి తెలిసిన ఆ మధ్యాహ్నం నేను చేయగలిగిందల్లా, తెల్లబడ్డ ఆ నాలుగు వెంట్రుకలనూ ఇంకాస్త నెమ్మదిగా దువ్వడమే.