క్లారినెట్‌కు పళ్ళు కావాలి

పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునే ఆవిడను అందరూ రిసెప్షనమ్మ అంటారు. రోగులను పిలవడం, ఫోన్లు ఎత్తడం ఆమె ఉద్యోగం. నోటిని స్కాన్ చేసిన ఫైళ్ళను పక్క ఊళ్ళోని కట్టుడుపళ్ళ వర్క్‌షాపుకు పంపే చిన్న పీహెచ్‌పీ ప్రోగ్రాం మాత్రం ఆమె తనంతట తానే నేర్చుకుని రాసింది. ఇన్నాళ్ళూ కిమ్మనకుండా పనిచేసిన ఆ ప్రోగ్రాం, సరిగ్గా తన మామగారి దవడ ఫైలు పంపబోయేసరికి మొండికేసింది.

మామగారు బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. పాత కట్టుడుపళ్ళు విరిగినప్పటి నుంచి వాద్యం పెట్టెలోనే ఉంది, ఇల్లు మూగబోయింది. ఆదివారం పాత జట్టంతా కలిసి వాయించబోతోంది. ఈ శుక్రవారం సాయంత్రం వర్క్‌షాపు మూసేలోగా ఫైలు అందితేనే రేపటికి పళ్ళు తయారవుతాయి. చూస్తే అది మెయిలుకు పట్టనంత పెద్ద ఫైలు.

ఆమెకు ఓపిక ఎక్కువ. తెర మీద ‘గడువు ముగిసింది’ అని రాగానే ప్రోగ్రాం ఎదురుచూసే గడువు పెంచింది. మళ్ళీ అదే మాట. ఇంకాస్త పెంచింది. ఎదుటి కుర్చీలోని మామగారు బోసినోటితో నవ్వారు.

“రాని బస్సు కోసం స్టాపులో బెంచీ వేయించినట్టుందమ్మాయ్, నీ వరస!”

ఆ మాట చురుక్కుమంది. ఎదురుచూడడం మాని వెతకడం మొదలుపెట్టింది. ఒకే ఒక్క అక్షరమున్న ఫైలు పంపి చూసింది, అదీ ఆగిపోయింది. అంటే లోపం ఫైలు సైజులో లేదు. లాగిన్ చిటికెలో అవుతోంది, కనుక పాస్‌వర్డులోనూ లేదు. మరి లోపలికి వెళ్ళాక ఏం జరుగుతోంది? వర్క్‌షాపులో పళ్ళ అచ్చులు తీస్తూ కంప్యూటరు కూడా చూసుకునే అచ్చులన్నయ్యకు ఫోన్ చేసింది.

“అన్నయ్యా, మీవైపు ఏం కనిపిస్తోంది?”

“మీరు వచ్చి పలకరించారమ్మా. సామాను అందుకుందామని మా కంప్యూటరు మీ తలుపు కొడుతోంది, ఎవరూ తీయట్లేదు. ఇక్కడ పళ్ళు చెక్కే మెషీనాయన ఇంటికెళ్ళాలని పళ్ళు కొరుకుతున్నాడు.”

“కొరకడానికి ఆయనకున్నాయిగా! మా మావయ్యగారికి అవీ లేవు.”

అంటూనే ఆమె గోడవైపు చూసింది. నిన్ననే బిగించిన కొత్త రౌటరు. బయటివాళ్ళు ఎవరు వచ్చినా గుమ్మంలోనే ఆపేయడం దాని పని. అలాంటప్పుడు వాళ్ళను రమ్మనడం దేనికి? సామాను దారి కూడా మనమే వెళ్ళి తెరుచుకుంటే సరిపోతుంది. దాన్ని పాసివ్ పద్ధతి అంటారు. ప్రోగ్రాంలో ఒక్క వరుస చాలు. రాసింది, నడిపింది. మళ్ళీ గడువు ముగిసింది.

ఆమె రాసినదాన్ని కింది నుంచి పైకి చదువుకుంటూ వచ్చింది. తొందరలో ఆ వరుసను లాగిన్‌కు ముందు పెట్టేసింది! లోపల అడుగుపెట్టకుండానే చెప్పిన మాట ఎవరు వింటారు? దాన్ని లాగిన్ కిందికి దించి మళ్ళీ నడిపింది. ఇంకా పెట్టేయని ఫోన్లోంచి కేక వినబడింది.

“వచ్చిందమ్మా! దవడ మొత్తం వచ్చేసింది!”

శనివారం సాయంత్రం కొత్త పళ్ళతో మామగారు క్లారినెట్ ఊదారు. గాలి వచ్చింది, స్వరం రాలేదు. కోడలి ముఖం వాడిపోయింది.

“కంగారు పడకమ్మాయ్. లాగిన్ అయ్యాను. ఫైలే ఇంకా కదలాలి,” అని ఆయన పెదవులు సర్దుకుని మళ్ళీ ఊదారు.

ఈసారి స్వరం వచ్చింది, కాస్త వంకరగా. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

“మళ్ళీ మొదలెట్టారా మాస్టారూ?”

“రేపటిదాకా ఓర్చుకోండి,” అన్నారాయన, నోటినిండా పళ్ళతో.