తొమ్మిదో నంబరు పెట్టెలు

పోయిన వారం మా గురువుగారి అమ్మాయి మోతీనగర్‌లో ఉన్న నాకు ఫోన్ చేసి, నాన్నగారి శతజయంతి ఫిల్మ్‌నగర్‌లో చేస్తున్నామని, ఆయన ఎనిమిదో సినిమా వేసి చూపించే భాగ్యం ఎలాగూ లేదు కనుక దాని గురించి నేనైనా కాసేపు మాట్లాడాలని అడిగింది. సరేనన్నాను. ఆ సినిమాను లోకంలో లేకుండా చేసినవాణ్ణే దాని గురించి మాట్లాడమంటే ఏం మాట్లాడను?

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కొందరు తమ సినిమాలకు తామే నిర్మాతలు, తామే దర్శకులు. మద్రాసులో నేను అసోసియేట్‌గా చేరిన మా గురువుగారూ అంతే. ఆ ఎనిమిదో సినిమా కొల్లేట్లో పడవ నడిపే ఒక ఆడమనిషి కథ. పొగమంచు కోసం యూనిట్ మొత్తం పదకొండు రోజులు ఊరికే కూర్చుంటే, నిర్మాతగా తల పట్టుకునేదీ ఆయనే, దర్శకుడిగా ఇంకొక్క రోజు చూద్దామనేదీ ఆయనే. పన్నెండో రోజు మంచు దిగింది. సినిమా ఆడలేదనుకోండి, కాని తను తీసినవాటిలో అదంటేనే ఆయనకు ప్రాణం.

పేరు పెట్టేదాకా సినిమాను ప్రొడక్షన్ నంబరుతో పిలవడం మా దగ్గర అందరూ చేసేదే. ఆయన మాత్రం పేరు రాస్తే దిష్టి తగులుతుందని విడుదలయ్యాక కూడా నెగెటివ్ పెట్టెల మీద నంబరే ఉంచేవారు. పైగా ఎనిమిది అంకె తనకు అచ్చిరాదంటూ, ఏడు తరవాత తీసిన ఈ సినిమాకు తొమ్మిది వేయించారు. లోలోపల నవ్వుకుంటూ ఆ అంకెలు వేసింది నేనే. ఆ తరవాత మొదలుపెట్టిన సినిమా, అంటే పదో నంబరు, మూడు రోజుల షూటింగుతో ఆగిపోయింది. ఆయన మళ్ళీ మెగాఫోన్ పట్టలేదు. పరిశ్రమ వెంట మేమూ హైదరాబాదు వచ్చేశాం, ఆయన జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నారు.

చాలా ఏళ్ళకు, ఆ నెగెటివ్‌లు దాచిన మద్రాసు ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది, స్థలం చాలడం లేదు, మీ పెట్టెల్లో అక్కర్లేనివేవో చెప్పండి అని. ఆయన వ్యవహారాలన్నీ నేనే చూసేవాణ్ణి. తెలివిమంతుణ్ణి కదా, ఎనిమిది అంకె దాటేసిన సంగతే మరిచిపోయి, ఆయన పూర్తిచేసిన సినిమాలు ఎనిమిదే, కాబట్టి తొమ్మిది ఆగిపోయినదే అయి ఉండాలని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, తొమ్మిదో నంబరు తీసెయ్యండని జవాబు రాసేశాను. ఏడాది తరవాత ఎవరో టీవీవాళ్ళు ఆ పడవ సినిమా అడిగితే గాని నేను చేసిన ఘనకార్యం నాకు తెలియలేదు. పదో నంబరు పెట్టెలో మూడు రోజుల షూటింగు మాత్రం భద్రంగా ఉంది.

ప్రింటైనా దొరుకుతుందేమోనని ఊరూరా తిరిగాను. చివరికి బోరబండలో ఒక పాత ప్రొజెక్టర్ ఆపరేటరు, "గా పెట్టెలా సార్? ఎన్నడో తూకానికి పోయినయ్. తెలుపు నలుపు రీళ్ళల్ల వెండి ఉంటదని కరగబెట్టిండ్రు. ఇంక ఫికర్ జేసి ఏం లాభం?" అన్నాడు.

అప్పటికే గురువుగారు మంచం పట్టారు. నేను చూడబోయినప్పుడల్లా "ఏమోయ్, మన పడవ సినిమా ప్రింటు వచ్చిందా? ఒక్కసారి చూపించవోయ్" అనేవారు. మద్రాసు ల్యాబులో ప్రింటు కడుగుతున్నారండీ, వచ్చే నెల వస్తుందండీ అనేవాణ్ణి. అలా అయిదేళ్ళు గడిచాయి, ఆయన పోయారు. పాడె మోస్తుంటే, ఇక అడిగేవాళ్ళు లేరన్న ఊరట కలిగింది నాకు, సిగ్గులేనివాణ్ణి.

మొన్న ఆదివారం ఇక ఉండబట్టలేక జూబ్లీహిల్స్ వెళ్ళాను. ఆ ఇంటి చోట ఇప్పుడు అయిదంతస్తులు లేచాయి, అమ్మాయి మూడో అంతస్తులో ఉంటుంది. కాఫీ చల్లారిపోతుండగా అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది కూడా.

"నాన్నగారికి తెలుసు బాబాయ్," అంది నెమ్మదిగా. "పెట్టెలు తీసేశాక ల్యాబువాళ్ళు మీ ఉత్తరం నకలు ఆయనకూ పంపారు. పాపం వాడు కుమిలిపోతుంటాడే, అడుగుతూ ఉంటే ఎప్పుడో ఒకరోజు వాడే చెప్పేస్తాడు, మనసు తేలికపడుతుంది అనేవారు. మీరు చెప్పేదాకా మమ్మల్ని నోరెత్తొద్దన్నారు."

మెట్లు దిగి వచ్చేశాను. ఇప్పుడు తీసిందల్లా పది చోట్ల నకళ్ళుగా ఉంటుందట, ఒకడి తెలివితక్కువతనానికి సినిమా మాయమైపోయే రోజులు కావివి. మంచిదే. కాని ఆ మంచం పక్కన కూర్చుని నేను చెప్పవలసిన మాట, ఆయన అయిదేళ్ళు ఎదురుచూసిన మాట, నా దగ్గరే ఉండిపోయింది. ఇక దాన్ని ఎవరికి చెప్పుకున్నా ఒకటే, చెప్పుకోకపోయినా ఒకటే.